మొదట విన్నవారి పని

వెనక గోడవారన నిలబడ్డ ఆయమ్మలారా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ముందుకొచ్చి కూర్చోండమ్మా. ఇవాళ నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే.

ఏ మాస్టారి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన ఉద్యోగమంతా బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పడంలోనే గడిచింది. సన్మానాలంటే ఆయనకు చిరాకు. ఈ ఉపన్యాసం కోసం పెట్టిన ధర్మనిధి పత్రంలో కూడా తన గురించి మాట్లాడించవద్దని, పిల్లల దగ్గర పనిచేసేవాళ్లకు మర్నాడు డ్యూటీలో పనికొచ్చే సంగతి ఒకటి చెప్పించమని రాయించారు. అందుకని నేరుగా విషయంలోకే వస్తాను.

వికలాంగుల హాస్టల్లోనో, ప్రత్యేక పాఠశాలలోనో, ఆశ్రయ గృహంలోనో ఏదో ఘోరం జరుగుతుంది. ఒకరిని కొట్టారు. ఒకరి మీద లైంగిక దాడి జరిగింది. ఒకరికి ఇవ్వకూడని మందు ఇచ్చారు. ఒకరు గేటు దాటి వెళ్లి రాత్రయినా తిరిగి రాలేదు. ఒకరిని మంచానికి కట్టేశారు. ఈ సంగతి ముందుగా తెలిసేది డైరెక్టరుకూ కాదు, కలెక్టరుకూ కాదు. స్నానం చేయించే ఆయమ్మకు, బస్సు ఎక్కించే హెల్పరుకు, ఫిజియోథెరపీ చేసే కుర్రాడికి తెలుస్తుంది. తెలిసిన దగ్గర్నుంచి వాళ్లు ఏం చెయ్యాలి? నిజమో కాదో తేల్చడం వాళ్ల పని కాదు. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు, ఆలస్యం కాకుండా, సంస్థ గోడలు దాటించి చేర్చాల్సిన చోట చేర్చడమే వాళ్ల పని. మన దగ్గర చాలాచోట్ల నడుస్తున్నది దీనికి తలకిందులు. ముందు మనమే పంచాయితీ పెడతాం, మనమే తీర్పు చెబుతాం, ఆ తర్వాత ఎవరికైనా చెప్పాలా అని ఆలోచిస్తాం.

చెప్పినా వినకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన వింటర్‌బోర్న్ వ్యూ అని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పెద్దవాళ్లను అందులో ఉంచేవారు. ఇరవై నాలుగు పడకలు. ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్ల ప్రజాధనం కట్టేవారు. డబ్బు చాలక జరిగిన దారుణం కాదని చెప్పడానికే ఈ అంకె. 2010 చివర్లో టెరీ బ్రయన్ అనే సీనియర్ నర్సు, అక్కడి సిబ్బంది రోగులను హింసిస్తున్నారని మేనేజరుకు రాశాడు. స్థానిక కౌన్సిలుకు ఆ సంగతి అందింది. తనిఖీ చేయాల్సిన జాతీయ సంస్థకూ ఆయన చెప్పాడు. ఎవరూ కదల్లేదు. చివరికి బీబీసీ విలేకరి ఒకరు అక్కడ ఉద్యోగిగా చేరి రహస్యంగా చిత్రీకరించిన దృశ్యాలు 2011 మే 31న ప్రసారమయ్యాయి. మనుషుల్ని నేలకు అదిమిపట్టడం, బట్టలతోనే చన్నీళ్ల కింద నిలబెట్టడం దేశమంతా చూసింది. పదకొండు మందికి శిక్ష పడింది, వాళ్లలో ఆరుగురు జైలుకు వెళ్లారు. ఆసుపత్రి మూతపడింది.

ఆ టీవీ కార్యక్రమం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది తర్వాత వచ్చిన సమీక్ష. మార్గరెట్ ఫ్లిన్ రాసిన ఆ నివేదిక 2012లో వెలువడింది. ఫిర్యాదులు లేక అక్కడి హింస బయటపడలేదనుకుంటే పొరపాటు. ఆ కొద్ది ఏళ్లలోనే కౌన్సిలుకు 40 హెచ్చరికలు అందాయి. పోలీసులకు 29 సార్లు కబురు వెళ్లింది. రోగులను పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పదే పదే తీసుకెళ్లి తీసుకొచ్చారు. కాగితాలన్నీ ఉన్నాయి. వచ్చిన కాగితాన్ని వచ్చినట్టే విడిగా చూశారు, విడిగా మూసేశారు. అన్నిటినీ ఒక బల్లమీద పరిచి చూసిన మనిషి లేడు. చూసి ఉంటే అవే పేర్లు, అవే షిఫ్టులు, అవే రకం గాయాలు కళ్లకు కట్టేవి.

ఇక మన సంఘటనల రిజిస్టరు దగ్గరికొద్దాం. మన హాస్టళ్లలో ఒక నమూనా వాక్యం తరం నుంచి తరానికి అందుతూ వస్తోంది: ‘రాత్రి 10 గంటలకు బాత్రూములో జారిపడినది. ప్రథమ చికిత్స చేయడమైనది. ప్రస్తుతం బాగున్నది.’ ఎంత నున్నటి వాక్యమో చూడండి, ఎక్కడా పట్టు దొరకదు. జారడం ఎవరైనా చూశారా, లేక కింద పడి ఉండగా చూశారా? దెబ్బ ఎక్కడ? నేల తడిగా ఉందా? ఆ వేళ డ్యూటీలో ఎవరు? చికిత్స ఎవరు చేశారు, దేనికి చేశారు? ఇవేవీ అందులో లేవు.

అదే సంగతిని ఇలా రాయవచ్చు: ‘రాత్రి 10.10కి బాత్రూములోంచి ఏడుపు వినిపించి వెళ్లాను. పాప తలుపు పక్కన నేలమీద కూర్చుని ఉంది. పడడం నేను చూడలేదు. నేల పొడిగా ఉంది. రెండు జబ్బల లోపలివైపు ఎర్రగా కమిలి ఉంది, ఒక్కో చేతికి మూడు నాలుగు గుర్తులు. ఏమైందమ్మా అని అడిగాను. గేటు వైపు చెయ్యి చూపించి, నోటిమీద వేలు పెట్టుకుంది. 10.25కి వార్డెన్ మేడంకు ఫోన్ చేశాను.’ ఇందులో ఎవరిమీదా ఆరోపణ లేదు, ఊహ లేదు. కానీ చదివిన పోలీసు అధికారి నేరుగా గేటు దగ్గరికి వెళతాడు.

రాయడం రాని ఆయమ్మ ఏం చేస్తుందని అడగవచ్చు. ఆమె చెబుతుంటే ఇంకొకరు ఆమె మాటల్లోనే రాయాలి, చదివి వినిపించాలి, టైము వేసి వేలిముద్ర తీసుకోవాలి. ‘ఆయమ్మ మాటల్లో రాస్తే బాగోదు, ఆఫీసు భాషలో రాద్దాం’ అని సరిదిద్దారో, ఆ సరిదిద్దడంలోనే సాక్ష్యం జారిపోతుంది. తప్పు పడితే ఒక గీత గీసి పక్కన సంతకం చెయ్యండి. తెల్ల ఇంకు పూస్తే కోర్టులో ఆ పేజీ మొత్తం మీద అనుమానం వస్తుంది.

ఇక అడగడం. పెద్దలు ఏదడిగినా బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లలో చాలామంది అవునంటారు. ఏళ్ల తరబడి వాళ్లకు మనం నేర్పింది అదే కదా, చెప్పినట్టు వినమని! ‘డ్రైవరంకులేనా కొట్టింది?’ అంటే పిల్ల ‘ఊ’ అంటుంది. ‘కాదేమో, వాచ్‌మన్ తాతేమో?’ అంటే దానికీ ‘ఊ’. ఆ రెండో ‘ఊ’తో కేసు అయిపోయినట్టే. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు మన ప్రశ్నలో చివరి మాటనే తిరిగి పలుకుతారు. అది జవాబు కాదు. ‘ఏమైందమ్మా?’, ‘తర్వాత?’ ఈ రెండూ చాలు, మిగతాది అడగాల్సినవాళ్లు అడుగుతారు. అక్క ఒకసారి, టీచరు ఒకసారి, ప్రిన్సిపాల్ ఒకసారి, ట్రస్టీ గారు వచ్చాక ఇంకోసారి చెప్పిస్తే నాలుగోసారికి పిల్ల తను చెప్పింది తప్పేమోనని మాట మార్చేస్తుంది. అప్పుడు ‘చూశారా, కల్పించి చెబుతోంది’ అంటాం.

సైగలతో చెప్పేవాళ్ల దగ్గర సైగను సైగగానే రాయాలి. దాని అర్థం మీకు తెలిసినా విడిగా రాయండి. బొమ్మల బోర్డు వాడే పిల్లల బోర్డులు ఒకసారి తీసి చూడండి. అన్నం, నీళ్లు, బాత్రూం, టీవీ ఉంటాయి. ఒంటి భాగాల బొమ్మలు ఉండవు, ‘కొట్టారు’ ఉండదు, ‘నాకు వద్దు’ ఉండదు. చెప్పుకునేందుకు బొమ్మే ఇవ్వకుండా ఆ పిల్ల ఎప్పుడూ ఏమీ చెప్పలేదంటే ఎలా?

‘ఎవరికీ చెప్పనులే, నాకు చెప్పు’ అని మాత్రం మాటివ్వకండి. ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు, నిలబెట్టుకోకూడదు కూడా. ‘నీకు సాయం చేసేవాళ్లకు చెబుతాను’ అనండి.

లైంగిక దాడి అనే అనుమానం ఉంటే మన ప్రేమే ముందు అడ్డం వస్తుంది. పిల్ల ఏడుస్తోంది, ఒంటికి మట్టి, ముందు స్నానం చేయించి బట్టలు మార్చాలనిపిస్తుంది. ఆగాలి. స్నానం వద్దు, బట్టలు ఉతకవద్దు. మార్చక తప్పకపోతే విప్పినవాటిని ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్‌లో తేమ పట్టి ఆధారాలు చెడిపోతాయి. దుప్పటి, పక్కగుడ్డ కూడా అలాగే. సీసీ కెమెరా ఉంటే ఆ పూటే ఫుటేజీ తీయించి భద్రపరచాలి, కెమెరా దృశ్యాలు నిల్వ చేసే డబ్బాలో పాతవాటి మీద కొత్తవి వాటంతటవే ఎక్కేస్తుంటాయి. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఎఫ్‌ఐఆర్ నంబరు దాకా ఆగక్కర్లేదు. బాధితురాలు నేరుగా వచ్చినా డాక్టరు పరీక్షించాల్సిందే, చికిత్స ఉచితంగా చేయాల్సిందే. ప్రభుత్వ ఆసుపత్రే కాదు, ప్రైవేటు ఆసుపత్రి కూడా కాదనడానికి వీల్లేదు. బాధితురాళ్లకు సాయంగా మన దగ్గర సఖి కేంద్రాలున్నాయి, తెలంగాణలో భరోసా కేంద్రాలున్నాయి. పిల్లలకు 1098, స్త్రీలకు 181, ఎవరికైనా 112. ఈ నంబర్లు ఆఫీసు గదిలో కాదు, వంటింట్లో రాసి అంటించాలి. రాత్రి డ్యూటీ ఆయమ్మకు ఆఫీసు గది తాళంచెవి ఎవరిస్తారు?

ఆరోపణ వచ్చిన ఉద్యోగిని పిలిచి ‘ఏరా, నిజమేనా?’ అని నిలదీయకూడదు. అతన్ని ఆ క్షణమే పిల్లల దగ్గర డ్యూటీ నుంచి తప్పించాలి, అంతే. చాలాచోట్ల అతన్ని వదిలి పిల్లను వేరే హాస్టలుకు మారుస్తారు. తనకు తెలిసిన మంచం, తెలిసిన స్నేహితులు, తెలిసిన టీచరు అన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. నోరు విప్పినందుకు ఆ పిల్లకు దొరికిన ఫలితం అది.

చట్టం ఏమంటుందో చూద్దాం. బాధపడింది 18 ఏళ్లలోపు వాళ్లయితే సందిగ్ధమే లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి చెప్పకుండా దాస్తే ఏడాది దాకా, జరిమానా అదనం. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద, అది తర్వాత రుజువు కాకపోయినా, చర్య ఉండదని అదే సెక్షన్ హామీ ఇస్తోంది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలమ్మా. అనుమానం చాలు, రుజువు మీ దగ్గర ఉండనక్కర్లేదు. 2013లో శంకర్ కిసన్‌రావ్ ఖాడే కేసులో సుప్రీంకోర్టు హాస్టళ్ల పేరు, ప్రత్యేక గృహాల పేరు ఎత్తి మరీ ఆదేశించింది: పిల్లలుండే చోట్ల బాధ్యులు ఇలాంటిది తెలిస్తే గోప్యంగా పోలీసులకు చేరవేయాలని. ఆ కేసులో బలైంది బుద్ధిమాంద్యం ఉన్న 11 ఏళ్ల పాప.

పెద్దవాళ్ల సంగతి వచ్చేసరికి చట్టం గొంతు తగ్గిస్తుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న 38 ఏళ్ల స్త్రీ తరఫున, ఆమె మానసిక వయసు చిన్నపిల్లదే కాబట్టి పోక్సో వర్తింపజేయమని అడిగితే, 2017లో ‘ఈరా’ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వయసంటే పుట్టిన తేదీ లెక్కేనంది. ఆ తీర్పును తప్పుపట్టేవాళ్లున్నారు. నాకైతే సబబుగానే అనిపిస్తుంది, మనసు వయసు పేరుతో పెద్దవాళ్లను పిల్లల ఖాతాలో వేస్తే వాళ్ల ఇష్టాయిష్టాలకు విలువే ఉండదు. లోపం ఆ తీర్పులో లేదు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. దాని 7వ సెక్షన్ బాగానే మొదలవుతుంది. హింస జరిగిందని, జరుగుతోందని, జరగబోతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా, ఏ నమోదైన సంస్థ అయినా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలపవచ్చు. ఆయన వెంటనే ఆపించాలి, అవసరమైతే హింసకు గురైన మనిషిని అక్కణ్ణుంచి విడిపించే ఏర్పాటు చేయాలి. ఫిర్యాదు అందుకున్న పోలీసు ఆ మనిషికి మేజిస్ట్రేటు వివరాలు, ఉచిత న్యాయసహాయం హక్కు చెప్పాలి. అన్నీ ఉన్నాయి, కానీ తెలిపేవారికి ‘తెలపవచ్చు’ అనే ఉంది, ‘తెలపాలి’ అని లేదు. ఆ సందులోంచే చాలా ఫైళ్లు జారిపోతున్నాయి.

ఆస్ట్రేలియాలో జాతీయ వైకల్య బీమా పథకం కింద పనిచేసే నమోదిత సంస్థలకు ఆ సందు లేదు. మరణం, తీవ్ర గాయం, హింస, నిర్లక్ష్యం, లైంగిక దుష్ప్రవర్తన, వీటిలో ఏదైనా జరిగిందన్న మాట వినిపించినా 24 గంటల్లో కమిషన్‌కు తెలియజేయాలి. అనుమతి లేకుండా కట్టడి చేస్తే అయిదు పనిదినాల్లో. విచారణ పూర్తయ్యాక కాదు, తెలిసిన 24 గంటల్లో. మన రాష్ట్రాలు వికలాంగుల సంస్థలకు నమోదు పత్రం ఇచ్చేటప్పుడే ఈ షరతు పెట్టవచ్చు. ప్రత్యేక చట్టం దాకా ఆగాల్సిన పనిలేదని నా అభిప్రాయం.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. చక్రాల కుర్చీలో ఉన్న పాతికేళ్ల అమ్మాయి తనకు జరిగింది చెప్పి, పోలీసుల దాకా వెళ్లనంటుంది. ఆమెకు అన్నీ తెలుసు. ఆమె నోరు నొక్కి మనమే ఫిర్యాదు చేస్తే, అది ఇంకో రకం పెత్తనం. ఆమెతో కూర్చుని దారులన్నీ చెప్పాలి, వకీలును మాట్లాడించాలి, టైమివ్వాలి. కానీ ఆ పని చేసిన మనిషి అదే హాస్టల్లో ఇంకా డ్యూటీ చేస్తుంటే, మిగతా వాళ్ల క్షేమం కోసం మనం కదలాల్సిందే. ఆమె పేరు బయట పెట్టకుండా ఎంతవరకు కదలగలమో అంతవరకు కదలాలి, ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాలి.

‘వాళ్ల మాట కోర్టులో నిలుస్తుందాండీ?’ అనే ప్రశ్న ప్రతి శిక్షణలోనూ వస్తుంది. దీనికి జవాబు మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే ఉంది. 2011లో పుట్టు అంధురాలైన ఒక దళిత యువతి మీద, వాళ్లింటికి వచ్చిపోయే తెలిసిన మనిషే అత్యాచారం చేశాడు. కళ్లు కనపడని మనిషి నిందితుణ్ని ఎలా గుర్తుపడుతుందన్నది అతని తరఫు వాదన. గొంతును బట్టి గుర్తుపట్టింది. 2021 ఏప్రిల్ 27న పఠాన్ జమాల్ వలి కేసు తీర్పులో సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం తక్కువదైపోదని తేల్చి, అత్యాచారానికి పడ్డ యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. దుభాషీలు, ప్రత్యేక ఉపాధ్యాయుల జాబితా పోలీసుల దగ్గర ఉండాలని కూడా చెప్పింది. లైంగిక దాడి కేసుల్లో వికలాంగ బాధితురాలి ఫిర్యాదును ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటనో, దుభాషీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సమక్షంలో రాసుకోవాలని, వీడియో తీయాలని 2013 సవరణల నుంచే చట్టంలో ఉంది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. స్టేషనుకు తీసుకురమ్మంటే ఈ సంగతి చెప్పండి. మా హద్దు కాదంటే, హద్దుతో పనిలేకుండా ఏ స్టేషనైనా నమోదు చేయాల్సిన జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి.

చనిపోయిన సందర్భంలో ఒక్క మాట. హాస్టల్లో మరణం అనుమానంగా ఉంటే డాక్టరు, పోలీసు చూడకుండా దహనానికి తొందరపడకూడదు. తల్లిదండ్రులకు ఫోన్లో ‘సీరియస్‌గా ఉంది, రండి’ అని చెప్పి శవాన్ని చూపించే పాత అలవాటు మానుకోవాలి. కట్టేయడం గురించి కూడా అంతే. తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచే చోట 2001 ఆగస్టు 6న మంటలు రేగినప్పుడు గొలుసులతో కట్టి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వేయడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ‘వాడి మంచికే కట్టాం’ అంటే అది కూడా రిజిస్టరులోకి ఎక్కాల్సిన సంఘటనే.

అసలు అడ్డంకి తెలియకపోవడం కాదు, భయం. జీతం తక్కువ, ఉద్యోగం కాంట్రాక్టు, ఇల్లు హాస్టలు వెనక రేకుల గది. మేడం చెవిన వేస్తే ‘ఈ మాట ఇక్కడితో ఆపు’ అంటుంది. దాతలు జారుకుంటారు, సంస్థ పరువు పోతుంది, మిగతా నూరు మంది పిల్లల గతేం కావాలి అంటుంది. ఆ మేడం చెడ్డ మనిషి కానక్కర్లేదు, ఆ నూరు మంది కోసం నిజంగానే బెంగపడుతుండవచ్చు. అయినా ఆ లెక్క ఆమె వేయాల్సింది కాదు. అందుకే మేడంకు చెప్పడంతో ఆయమ్మ బాధ్యత తీరిపోతుందన్న నియమం ఏ సంస్థలో ఉన్నా మార్చాలి. నేరుగా బయటకు ఫోన్ చేసే హక్కు ఉందని నియామక పత్రంలోనే, తెలుగులోనే రాసివ్వాలి. ఫిర్యాదు చేసిన మనిషి కాంట్రాక్టు ఆ ఏడాది పొడిగించకపోతే ఎందుకో సంస్థ కమిటీ లిఖితంగా చెప్పాలి. ఏం చర్య తీసుకున్నారో ఆమెకు చెప్పాలి, బాధితురాలి వివరాలు బయట పెట్టకుండా ఎంత చెప్పగలరో అంత. చెప్పి చెప్పి ఏమీ వినబడకపోతే రెండోసారి ఎవరూ చెప్పరు.

ఇక ఆ సంఘటనల రిజిస్టరు బీరువాలో ఉండకూడదు. మూడు నెలలకోసారి ఒక తల్లో తండ్రో, జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ నుంచి ఒకరు, హాస్టలుతో సంబంధం లేని ఒక డాక్టరు కలిసి కూర్చుని మొదటి పేజీ నుంచి చదవాలి. ఏ గదిలో, ఏ షిఫ్టులో, ఎవరి పేరు పదే పదే వస్తోందో వేరే కాగితం మీద రాసుకోవాలి. మూడు నెలలూ ‘ఏ సంఘటనా లేదు’ అని ఉంటే సంతోషించి సంతకం పెట్టకండి. అరవై మంది పిల్లలున్న ఇంట్లో మూడు నెలలపాటు ఎవరూ పడకుండా, కొట్టుకోకుండా, మందు తప్పకుండా ఉంటారా? అలాంటి రిజిస్టరు కనిపిస్తే ఆ రోజే రాత్రి డ్యూటీ ఆయమ్మలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని మాట్లాడండి.